తేదీ వేయని ప్లాస్టర్

“నాకెందుకో గుండె దడగా ఉంది సార్. ఇది ఈ ఒక్క మంచంతో ఆగేది కాదు. ఇంకెక్కడో ఇంకో ప్రాణం ఇలాగే జారిపోతుంటుంది, మనం ఇక్కడ నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటాం.”

వార్డు గడప ఇంకా తొక్కకుండానే కీడెంచమ్మ ఆ మాట అనేసింది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “వచ్చీరాగానే అపశకునమా? ఇంకో ప్రాణం లేదు, ఇంకో మంచం లేదు. సూది ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది. రెండున్నరకి జీపెక్కిస్తున్నా. శ్రమపడి వచ్చారు, కాఫీ తాగి వెళ్లండి.”

“రెండున్నర దాకా టైముందిగా. కాఫీ ఆ తర్వాత తాగుతాను.”

కీడెంచమ్మ అసలు పేరు స్టేషన్లలో ఎవరికీ గుర్తులేదు. పదో తరగతి దాకా చదివి, పదేళ్లు ఆసుపత్రుల్లో ఆయాగా చేసి, ఆ తర్వాత డిటెక్టివ్ పనిలోకి వచ్చిన మనిషి. కీడెంచి మేలెంచమన్న సామెతలో మొదటి సగం నేర్చుకుని, రెండో సగం చెప్పే రోజున బడి ఎగ్గొట్టిందని పోలీసులు ఎగతాళి చేస్తారు. కొడుకు రెండు రింగులకి ఫోన్ ఎత్తకపోతే మూడో రింగులోపు వాడికి నాలుగు రకాల ప్రమాదాలు ఊహించగలదు. ఈ జబ్బే ఆమెకు అన్నం పెడుతోంది. ఇవాళ ఆమెను పిలిపించింది ఆసుపత్రి పెద్ద డాక్టరు.

గోడ గడియారంలో ఒంటిగంట యాభై అయిదు.

జరిగింది ఇదీ. ఆడవాళ్ల సర్జరీ వార్డులో ఏడో నంబరు మంచం మీది పిల్ల బస్సు కండక్టరు, ఇరవై నాలుగేళ్లు. పేగుకి చిల్లు పడితే సోమవారం పొద్దున పొట్ట నిలువునా కోసి ఆపరేషన్ చేశారు. ఇవాళ బుధవారం. పదకొండు నలభైకి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. కంటిపాపలు సూదిమొనంత. ఊపిరి నిమిషానికి నాలుగుసార్లు. మత్తు నొప్పిమందు ఎక్కువైతే కనిపించే లక్షణాలు అవే. విరుగుడు సూది వేయగానే లేచి కూర్చోబోయింది కూడా. మార్ఫిన్ జాతి మందే ఒంట్లో ఉందన్నమాట.

చిక్కల్లా ఒక్కటే. ఆ వార్డులో నాలుగు నెలలుగా పొట్ట ఆపరేషన్లకి మార్ఫిన్ వాడటం దాదాపు మానేశారు. ఆ పిల్లకి ఒక్క చుక్క కూడా రాయలేదు.

డ్రెస్సింగ్ గదిలో పెద్ద సిస్టర్ స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసు. గుమ్మంలో కానిస్టేబుల్ కాపలా. మందుల అల్మరా తాళంచెవి బల్లమీద, ఇన్‌స్పెక్టర్ రుమాలులో చుట్టి ఉంది.

“సిస్టర్, మార్ఫిన్ లేకుండా నొప్పి ఎలా ఆపుతున్నారు? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి” అంది కీడెంచమ్మ.

“పొట్టకి రెండు పక్కలా చర్మం కింద సన్నటి గొట్టాలు పెడతారు. వాటిలోంచి తిమ్మిరి మందు కొద్దికొద్దిగా వెళ్తుంది. గడియారం చూసి ఆరేసి గంటలకి మామూలు మాత్ర. నొప్పొచ్చాక ఇవ్వటం కాదు, రాకముందే. మర్నాడే లేపి నడిపిస్తాం. పేగు కదలాలని చూయింగ్ గమ్ నమిలిస్తాం. దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకోమంటాం. నడుం పట్టేస్తే వేడినీళ్ల సంచి.”

“ఈ పద్ధతి మీకు నచ్చలేదట.”

“మొదటి నెల నచ్చలేదు. ఈ పద్ధతి తెచ్చిన నొప్పి డాక్టరుగారి మొహమ్మీదే అన్నాను, కడుపు కోసినవాళ్లకి మిఠాయి చేతిలో పెడతారా అని. వార్డంతా విన్నారు.” సిస్టర్ గొంతు మారలేదు. “రెండో నెలలో ఒకావిడ మూడో రోజుకే నడుచుకుంటూ బాత్రూంకి వెళ్లింది. మునుపైతే మూడోరోజున మత్తులో వాంతులు చేసుకుంటూ ఉండేవాళ్లు, పేగు కదిలేది కాదు. అప్పుడు నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న సంగతి మాత్రం ఎవరూ వినలేదు.”

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని అందుకున్నాడు. “పదిన్నరకి ఏడో మంచం దగ్గర సిరంజితో ఉన్నది మీరే కదా?”

“గొట్టం మూసుకుపోకుండా ఉప్పునీళ్లు ఎక్కించాను.”

“ఉప్పునీళ్లో ఇంకోటో! పిల్ల ఏడుస్తోంది, మీకు జాలేసింది. లేదా డాక్టరు పద్ధతి తప్పని నిరూపించాలనుకున్నారు. రెండిట్లో ఏదో మీరే ఎంచుకోండి. నాకు రెండూ సరిపోతాయి.”

“ఏడవలేదు సార్. ఇవాళ అసలు ఏడవలేదు.”

కీడెంచమ్మ తలెత్తింది. “ఇవాళ ఏడవలేదంటే?”

“నిన్న నొప్పికి పదిలో ఆరు చెప్పింది. ఇవాళ పొద్దున ఏడింటికి సున్నా. నైట్ సిస్టర్ రాసి వెళ్లింది.”

“కడుపు కోసిన రెండో రోజునా? సున్నానా?”

సిస్టర్ మొదటిసారి చూపు దించుకుంది. “అందరం మురిసిపోయాం అమ్మా. నొప్పి డాక్టరుగారు ఆ చీటీని ఫొటో కూడా తీసుకున్నారు, మీటింగులో చూపిస్తానని. పద్ధతి గెలిచిందనుకున్నాం.”

“నా పిల్లలు అల్లరి చేయకుండా కూర్చుంటేనే జ్వరమేమోనని ఒళ్లు చూసేదాన్ని. మీరు సున్నా చూసి మురిసిపోయారా?” కీడెంచమ్మ లేచింది. “నిన్న మీ డ్యూటీ ఎప్పుడు దిగారు?”

“మధ్యాహ్నం రెండింటికి. ఇవాళ ఎనిమిదింటికి ఎక్కాను.”

“విన్నారుగా సార్. సున్నా ఏడింటికి వచ్చింది. ఈవిడ ఎనిమిదింటికి వచ్చింది. దొంగ రాకముందే ఇల్లు ఖాళీ అయిపోయిందన్నమాట.”

ఇన్‌స్పెక్టర్ దవడ బిగించాడు. “సున్నా అంటే పిల్ల ఓర్చుకుందనుకోవచ్చు. కోర్టులో సున్నా సాక్ష్యం చెప్పదు.”

“చెప్పేవాటినే వెతుకుదాం పదండి.”

ఏడో మంచం దుప్పటి తీయకుండా అలాగే ఉంచారు. కీడెంచమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగింది. దిండు. సగం అయిపోయిన గమ్ ప్యాకెట్. ఎడమ పక్కన చల్లారిపోయిన వేడినీళ్ల సంచి. తలగడ వైపు క్లిప్పుకి నడక చీటీ. మంగళవారం పొద్దున ఇరవై అడుగులు, సాయంత్రం నాలుగింటికి నలభై. బుధవారం పొద్దున గడిలో అడుగుల లెక్కకు బదులు రెండే మాటలు. “నిద్ర మత్తు.”

“మంగళవారం నాలుగింటికి నలభై అడుగులు నడిచిన పిల్ల, బుధవారం ఏడింటికి కళ్లు తెరవలేదు. మధ్యలో జరిగిందే అసలు కథ. నాలుగు తర్వాత వార్డులోకి ఎవరొస్తారు?”

“అయిదు నుంచి ఆరు దాకా చూసిపోయేవాళ్లు” అంది వెనకే వచ్చిన సిస్టర్.

“ఎనిమిదో మంచం ఖాళీగా ఉందేం?”

“టీచరమ్మ. గర్భసంచి ఆపరేషన్. పొద్దున పదింటికి ఇంటికి పంపాం.”

అప్పుడే నొప్పి డాక్టరు ఐసీయూ వైపు నుంచి వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. “మళ్లీ జారిపోయింది. నాలుగోసారి విరుగుడు వేశాం.”

“టైములు చెప్పండి డాక్టరుగారూ.”

“పదకొండు నలభై అయిదు. పన్నెండు ముప్ఫై అయిదు. ఒకటీ పావు. ఆఖరిది ఒకటీ నలభై అయిదు.”

కీడెంచమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. “యాభై నిమిషాలు, నలభై, ముప్ఫై. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పయితే చెప్పండి. నేలమీద ఒక బిందెడు నీళ్లు ఒలికితే తుడిచేకొద్దీ తగ్గాలి. ఇవి తుడిచేకొద్దీ పెరుగుతున్నాయి. కొళాయి ఎక్కడో ఇంకా తెరిచే ఉంది.”

“సెలైన్లు, గొట్టాలు అన్నీ పదకొండు యాభైకే మార్చేశాం” అన్నాడు డాక్టరు. తనూ లెక్కవేసుకుని, “కానీ మీరన్నది నిజమే. సూదితో ఒక్కసారి వెళ్లిన మందయితే ఈపాటికి గడువు పెరగాలి” అన్నాడు.

“కొళాయిలూ బిందెలూ బాగానే ఉన్నాయి” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అల్మరా తాళం ఒక్కటే, ఆ తాళంచెవి ఒక్కరి దగ్గరే. రెండూ పది అయింది. పద సిస్టర్.”

“అల్మరాలో సూదులు తగ్గాయా?”

ఇన్‌స్పెక్టర్ గడియారం వైపు తిరిగాడు.

“తగ్గలేదు కదూ? ఉన్నవి ఉన్నట్టే ఉంటే ఈవిడ ఇచ్చింది ఏమిటి సార్, గాలా?”

“చూడండమ్మా, మీరు ఆయాగా దుప్పట్లు మార్చిన రోజుల్లో నేను హత్య కేసులు చూశాను.”

“దుప్పట్లు మార్చాను కాబట్టే చెప్తున్నా. ఒంటిమీద ఏముందో దుప్పటి మార్చేవాళ్లకే తెలుస్తుంది.” ఆ మాట అనేశాక తనే ఆగిపోయింది. తర్వాత సిస్టర్ వైపు తిరిగింది. “సెలైన్లో లేదు, గొట్టంలో లేదు. ఒంటిమీద? గాయం రోజూ ఫొటో తీస్తారా?”

“పొద్దున ఏడింటికి. వార్డు ఫోన్‌లో ఉంటాయి.”

సిస్టర్ ఫోన్ తెచ్చి మంగళవారం బొమ్మ తీసింది. పొట్ట మధ్య నిలువు గాయం. గొట్టాలు కదలకుండా రెండు పక్కలా రెండు పల్చటి ప్లాస్టర్లు, అద్దంలా కింది చర్మం కనపడేవి. తర్వాత బుధవారం బొమ్మ తీసింది. అదే గాయం. అవే ప్లాస్టర్లు.

“గాయం శుభ్రంగానే ఉంది” అన్నాడు డాక్టరు.

“అందరూ గాయాన్నే చూస్తారు. ప్లాస్టర్లు లెక్కపెట్టండి.”

కుడిపక్క ఒకటి. ఎడమపక్క ఒకటి. దాని కింద నడుం వైపు, వెలుతురుకి అంచు మాత్రం మెరుస్తూ, ఇంకొకటి.

సిస్టర్ బొమ్మని పెద్దది చేసింది. “ఇది మాది కాదు. మా వార్డులో ఏ ప్లాస్టర్ వేసినా నీలం పెన్నుతో తేదీ, సంతకం పెట్టి తీరాలి. లేకపోతే నేను ఊరుకోను. మిగతా రెండిటి మీదా ఉంది చూడండి. దీనిమీద ఏమీ లేదు.”

నొప్పి డాక్టరు మొహం పాలిపోయింది. “నొప్పి పట్టీ! చర్మంలోంచి మూడు రోజులపాటు మత్తుమందు ఎక్కుతుంది. దానికి వేడి తగిలితే మందు ఇంకా వేగంగా దిగుతుంది.”

“పదిన్నరకి వేడినీళ్ల సంచి పెట్టాం” అంది సిస్టర్ మెల్లగా. “ఎడమ నడుం పట్టేసిందంటే.”

“ఒళ్లు చల్లబడిందని ఐసీయూలో వెచ్చటి దుప్పటి మేమే కప్పాం.” డాక్టరు అప్పటికే పరిగెత్తుతున్నాడు.

ఐసీయూ బయట బల్లమీద ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి, దాని మీద రెండు చేతులు. పదకొండు నలభై నుంచీ ఆమె నోట వచ్చిన మాట ఒక్కటే, బతుకుతుందా అని. కానిస్టేబుల్ పాపం దుఃఖం అనుకున్నాడు. కీడెంచమ్మ పక్కన కూర్చుంది.

“అక్కా, నాకూ ఇద్దరు పిల్లలు. ఒకసారి మావాడు సైకిల్ మీంచి పడితే ఏమైందీ ఏమైందీ అని అడిగి అడిగి డాక్టరు చేత తిట్లు తిన్నాను. నువ్వు పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు.”

తల్లి ఐసీయూ తలుపు వైపు చూపు తిప్పుకుంది.

లోపలినుంచి డాక్టరు వచ్చాడు. ట్రేలో గాజుగుడ్డ మీద తపాలాబిళ్ల కంటే కాస్త పెద్ద పొర. దానిమీద అక్షరాలు ఉన్నాయా లేవా అన్నట్టు వెలిసిపోయాయి. “తీసేశాం, దుప్పటీ తీసేశాం. చర్మం కింద దిగిన మందు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, రేపటిదాకా విరుగుడు సెలైన్లో పోనివ్వాలి. కానీ నిలబడుతుంది.”

తల్లి ట్రే చూసింది. సంచి తెరిచి ఖాళీ అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టింది.

“మా ఆయన క్యాన్సర్‌తో పోయారు. ఆఖర్న ఇవే అంటించేవాళ్లు. అంటిస్తే చాలు, పసిపిల్లాడిలా నిద్రపోయేవారు. నిన్న అయిదింటికి వచ్చాను. పిల్ల పళ్లు కొరుక్కుంటోంది. మందియ్యండమ్మా అంటే గమ్ నమలమన్నారు. కడుపు కోసిన పిల్లని గమ్ నమలమన్నారు!”

“క్యాన్సర్‌తో ఈ మందుకి అలవాటుపడ్డ ఒంటికి ఇచ్చిన మోతాదమ్మా అది” అన్నాడు డాక్టరు. కోపంగా అందామనుకున్న మాట మామూలుగానే వచ్చింది. “నొప్పి ఎందుకు అలా ఆపుతున్నామో మీకు కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పలేదు. అది మా తప్పే.”

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. సిస్టర్ తాళంచెవి రుమాలులోంచి బయటికొచ్చింది. “సరే, కేసు తేలింది. కాఫీ నేనే తాగిస్తాను పదండి.”

కీడెంచమ్మ కదల్లేదు. ఖాళీ పెట్టెని తిప్పి చూస్తోంది.

“అక్కా, ఆయన పోయాక ఇందులో ఎన్ని మిగిలాయి?”

తల్లి కళ్లు మూసుకుంది.

“పెట్టె ఖాళీ. పిల్ల ఒంటిమీద ఒకటి. ఎన్ని మిగిలాయి?”

కారిడార్లో స్ట్రెచర్ చక్రాల చప్పుడు వచ్చి, దూరమై, ఆగిపోయింది. గడియారం రెండూ ఇరవై. ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. కీడెంచమ్మ చెయ్యెత్తి ఆపింది. సిస్టర్ వచ్చి తల్లి ముందు నేలమీద కూర్చుని, ఆమె చేయి పట్టుకుంది. తనని జీపెక్కించబోయిన మౌనం అదేనని ఆమెకు తెలుసు. అయినా చేయి వదల్లేదు.

“రెండు” అంది తల్లి చివరికి. “రెండోది పక్క మంచం టీచరమ్మకి. పిన్నీ, మీ అమ్మాయికి తగ్గినట్టు నాకూ తగ్గుతుందా అని అడిగింది. చూడలేక, పిల్లకి తోడుగా ఉండిపోయి, నిన్న రాత్రి భోజనాల వేళ నడుం మీద అంటించాను. మీకు చెప్తే తిడతారని తనూ చెప్పనంది.”

సిస్టర్ అప్పటికే లేచింది. “వేడినీళ్ల సంచి ఇచ్చి పంపాను. నేనే ఇచ్చాను. పూటకి రెండుసార్లు పెట్టుకోమన్నాను.”

“నంబర్!” కీడెంచమ్మ ఫోన్ తీసి స్పీకర్ నొక్కింది.

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ ఎత్తని మనిషి పోయినట్టే లెక్క కీడెంచమ్మకి. రెండోసారీ అంతే. ఇన్‌స్పెక్టర్ ఎవరూ అడగకుండానే వైర్‌లెస్ తీసి టీచరమ్మ ఇంటికి దగ్గర్లో ఉన్న బండిని, అంబులెన్స్‌ని పంపమని చెబుతున్నాడు. మూడోసారి, తొమ్మిదో రింగుకి ఎవరో ఎత్తారు. ముసలి గొంతు, గుసగుసగా.

“ఎవరమ్మా? మా కోడలు పడుకుంది, మెల్లగా మాట్లాడండి.”

“పెద్దమ్మా, ఆసుపత్రి నుంచి. ఆమెని లేపండి.”

“అయ్యో, ఇప్పుడెందుకమ్మా? నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టి రెండు దుప్పట్లు కప్పాను. మొదట్లో గురకంటే గురక కాదు. ఇప్పుడే కాస్త సద్దుమణిగింది.”

కీడెంచమ్మ గొంతు మారలేదు. మారితే ఆ ముసలావిడ కంగారుపడి ఫోన్ కింద పడేస్తుందని తెలుసు.

“పెద్దమ్మా, నేను చెప్పినట్టు చేయండి. సంచి తీసెయ్యండి. దుప్పట్లు లాగెయ్యండి. పక్కకి తిప్పండి. నడుం మీద పల్చటి ప్లాస్టర్ ఉంటుంది. కంటికి కనపడదు, వేలితో తడమండి, అంచు గోటికి తగులుతుంది. పీకి పారేసి, పేరు పెట్టి గట్టిగా పిలవండి. వీధంతా వినపడాలి.”

ఫోన్ మంచం మీద పడ్డ చప్పుడు. దుప్పటి లాగిన చప్పుడు. “ఏదమ్మా, ఏమీ తగలట్లేదు... ఆ, ఉంది, ఉంది.” చర్రున ఏదో ఊడింది. ఆ తర్వాత ముసలావిడ కోడలి పేరు పిలవడం మొదలుపెట్టింది. ఒకసారి. రెండుసార్లు. భుజం పట్టి కుదుపుతోంది కాబోలు, మంచం కిర్రుమంటోంది. పిలుపు కాస్తా ఏడుపైంది. కాసేపటికి ఏడుపూ ఆగిపోయింది.

కారిడార్లో అందరూ ఆ ఫోన్ చుట్టూ నిలబడ్డారు. నొప్పి డాక్టరు గడియారం చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టాలనుకున్నాడు గానీ, లెక్కపెట్టడానికి ఏమీ వినపడలేదు. తల్లి సంచిని గుండెకి అదుముకుంది. దూరంగా, ఫోన్ లోపలే, అంబులెన్స్ కూత మొదలైంది.

అప్పుడు ఇంకో గొంతు పలికింది, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు, ముద్దముద్దగా, చిరాకుగా.

“ఎవర్రా ఆ వెనక బెంచీలో... అరవకండి... కూర్చోండి.”